పేరు పెట్టని తుఫాను

ఆ ఏడాది సముద్రానికి ఏం పిచ్చి పట్టిందో గానీ, ఒకదాని తోక పట్టుకుని ఇంకోటి, ఇరవై ఆరు తుఫాన్లు లేచాయి. మామూలుగా ఏడాదికి పదిహేను, మహా అయితే పద్దెనిమిది. వాటికి పెట్టడానికని పూల పేర్లూ పిట్టల పేర్లూ రాసి ఉంచుకున్న జాబితా సగం ఏడాదికే అయిపోతే, మళ్ళీ కూర్చుని కొత్తవి వెతుక్కోవాల్సొచ్చింది. కోకిల అని ముద్దుగా పిలుచుకున్నది రెండు ఊళ్ళ ఇంటికప్పులు ఎగరేసుకుపోయింది. సన్నజాజి ఒక వంతెనని మింగింది. వాతావరణ ఆఫీసులో వాళ్ళు మాత్రం వాటిగురించి సొంత ఆడపిల్లల సంగతి మాట్లాడుకున్నట్టే మాట్లాడుకునేవాళ్ళు. "సన్నజాజి రాత్రంతా కదల్లేదయ్యా, ఒక్కచోటే కూర్చుంది" అని ఒకడంటే, "లేస్తుందిలే, దానికేం తొందర" అని ఇంకొకడు.

ఏడాది చివర్లో ఈ ఇరవై ఆరింటినీ ఒక్క పుస్తకంలోకి ఎక్కించే పని పెన్సిలమ్మది. హాజరు పట్టీలో తప్ప ఆవిడ అసలు పేరు ఇంకెక్కడా వినిపించదు. పద్దెనిమిదేళ్ళుగా చెవి వెనక పెన్సిలుతోనే తిరుగుతోంది, నిద్రలో కూడా తీయదని మొగుడి వేళాకోళం. కింద బల్బు వెలిగే అద్దం బల్ల మీద సముద్రం పటం పరుచుకుని, పక్కన రోజువారీ రిజిస్టరు తెరిచి, ఆరు గంటలకొకచోట తుఫాను ఎక్కడుందో చుక్క పెట్టి, చుక్కలన్నీ కలుపుకుంటూ పోవడం. ఒక్కో తుఫానూ ఒక్కో గీత. అలా ఎనిమిది గీతలు గీసి, తొమ్మిదోదాని కోసం రిజిస్టరులో పేజీ తిప్పింది. తిప్పడం రెండు పేజీలు కలిపి తిప్పింది. అతుక్కుపోయాయేమో అనుకుంటారు చూసేవాళ్ళు. అతుక్కోలేదు.

ఆ వదిలేసిన పేజీ పద్నాలుగో తారీకుది.

సాయంత్రానికి ఇరవై ఆరు గీతలూ పూర్తయ్యాయి. పెద్దాయన, అంటే ఆఫీసుకి అధికారి, చేతిలో టీ గ్లాసుతో వచ్చి బల్ల మీదకి వంగాడు. వచ్చే వేసవికి రిటైరయ్యే మనిషి. నవ్వించకుండా నాలుగు మాటలు మాట్లాడలేడు.

"ఏంటమ్మా పెన్సిలమ్మా, సముద్రానికి ఇక్కడ బట్టతల పడిందేం?" అన్నాడు వేలు పెట్టి చూపిస్తూ.

నిజమే. పటం నిండా జడలల్లినట్టు గీతలుంటే, రేవుకి డెబ్భై మైళ్ళ అవతల, ఒంటిదీవి చుట్టూ మాత్రం అరచేయంత మేర తెల్లగా ఉంది. దక్షిణం నుంచి వచ్చిన గీతా, తూర్పు నుంచి వచ్చిన గీతా అక్కడిదాకా వచ్చి పక్కకి తప్పుకున్నాయి.

"భలే ఉంది" అన్నాడు పెద్దాయన. "అక్కడ ముందే ఎవరో కూర్చుని ఉంటే, వీళ్ళంతా మర్యాదగా పక్కనుంచి పోయినట్టుంది."

ఆయన నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. పెన్సిలమ్మ బల్ల కింద బల్బు ఆర్పేసింది. బల్బు ఆరినా ఆ తెల్లటి మచ్చ కనబడుతూనే ఉంది.

ఇంటికి వెళ్ళేదారిలో కూరల దుకాణం దగ్గర వదిన కనబడింది. పెన్సిలమ్మ మొగుడికి అక్క. రెండు కుటుంబాలూ మొదట్నించీ ఒకే ఇంట్లో ఉంటున్నాయి. వదిన మొగుడు పడవ నడిపే సరంగు. ఆ పద్నాలుగో తారీకున ఐదుగురిని వెంటబెట్టుకుని వేటకి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. పడవ చెక్క కూడా దొరకలేదు.

వదిన ఉల్లిపాయలు ఏరుతోంది. అటుపక్క నుంచి ఒక ముసలావిడ వచ్చింది. పడవలో పోయిన ఐదుగురిలో చిన్నవాడి తల్లి. వదినని చూసి ఆగింది. సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, వదిన కాళ్ళకి జానెడు దూరంలో తుపుక్కున ఉమ్మేసింది.

"గాలీ వానా లేని రోజున నడిసముద్రంలో ఎలా ముంచాడో మీ ఆయన! తాగకపోతే మునుగుతుందా పడవ?" అంది దుకాణమంతా వినేలా.

దుకాణంవాడు తక్కెడ వంక చూస్తూ ఉండిపోయాడు. వదిన ఏరిన ఉల్లిపాయలన్నీ ఒక్కొక్కటే తిరిగి బుట్టలో పెట్టేసి, కొంగు దులుపుకుని నడిచింది. వదిన మొగుడు జన్మలో చుక్క ముట్టి ఎరగడు. పెళ్ళిళ్ళలో సోడా తాగినా కడుపు ఉబ్బరమని గొణిగే మనిషి. అది పెన్సిలమ్మకి తెలుసు, వీధిలో సగంమందికి తెలుసు. తెలిసి ఏం లాభం? ఆ రోజు తుఫాను లేదని ఆఫీసు చెప్పింది. ఆఫీసు లేదన్నాక ఇక మిగిలింది తాగుడొక్కటే.

పెన్సిలమ్మ పరుగున వెళ్ళి వదిన చేతిలో సంచీ అందుకుంది.

ఇంట్లో దీపాలు పెట్టేవేళకి పెరటి తూములో గుడగుడ మొదలైంది. గాలి బరువు, అదే వాయుపీడనం, తగ్గినప్పుడల్లా ఆ ఇంట్లో జరిగేదే. తూములో నీళ్ళు పైకి పొంగి గొంతు సవరించుకుంటాయి. వంటింటి తలుపు ఎవరూ ముట్టుకోకుండా జానెడు తెరుచుకుని మళ్ళీ మూసుకుంటుంది. అలాంటప్పుడు వదినకి చెవులు పట్టేస్తాయి; గుమ్మంలో కూర్చుని రెండు అరచేతులతో చెవులు మూసుకుంది. నోరు తెరిచింది, మూసింది.

"ఇది ఊరికే పోయేదేలే" అంది. "మబ్బు మాత్రమే. తుఫానైతే ఎడమ చెవి పూర్తిగా పట్టేస్తుంది."

ఆవిడ మాట ఆ ఏడాదంతా తప్పలేదు. ఆఫీసు నుంచి పెన్సిలమ్మ వార్త మోసుకొచ్చేసరికే వదిన చెప్పేసి ఉండేది. మొదట్లో పెన్సిలమ్మ మొగుడు "మా అక్కకి జీతమిచ్చి ఆఫీసులో పెట్టుకోండి, మీ యంత్రాలన్నీ అమ్మేయొచ్చు" అని ఆటపట్టించేవాడు. పద్నాలుగో తారీకు తర్వాత ఆ వేళాకోళం మానేశాడు.

"అమ్మాయ్, మీ ఆఫీసు లెక్కలో ఎన్ని తేలాయే?" అంది వదిన.

"ఇరవై ఆరు వదినా."

వదిన బొడ్లోంచి ఒక తాడు తీసింది. వలలు కట్టే నైలాను తాడు. ఎడమ చెవి పట్టేసిన ప్రతిసారీ ఒకటి చొప్పున, వరసగా ముడులు. గుమ్మం మీద సాగదీసి పరిచి, ఒక్కో ముడినీ గోటితో నొక్కుతూ లెక్కపెట్టింది. పెన్సిలమ్మ కూడా లోలోపల లెక్కపెడుతూనే ఉంది.

"ఇరవై ఏడు" అంది వదిన. "ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఇరవై ఏడే. ఎనిమిదో ముడి తర్వాతిది ఆయన పోయిన రోజుది. ఆ పొద్దున ఎడమ చెవితో పాటు కుడిదీ ఎంత పట్టేసిందంటే, ఆయన మాట్లాడుతుంటే పెదాలు కదలడమే కనబడింది గానీ మాట వినబళ్ళేదు. నువ్వేమో తుఫాను లేదంటావ్. డాక్టరేమో మనసు బాగోక అలా అనిపిస్తుందంటాడు. ఇరవై ఆరుసార్లు నిజం చెప్పిన చెవి, ఆ ఒక్కరోజు నాతో అబద్ధం ఎందుకు చెప్పాలే?"

పెన్సిలమ్మ తాడు అందుకుని తొమ్మిదో ముడి మీద వేలు పెట్టింది.

"నాకు పిచ్చెక్కిందేమోనని భయంగా ఉందమ్మాయ్" అంది వదిన మెల్లగా. "నువ్వు ఇంకోసారి చూసి చెప్పు. పుస్తకాలన్నీ నీ చేతిలోనే ఉన్నాయిగా. లేదు అంటే లేదనే నమ్ముతా. ఆ డాక్టరిచ్చిన మాత్రలు మింగి మూల పడుంటా. ఆయన తాగాడన్నా ఒప్పుకుంటా."

"చూస్తా వదినా" అంది పెన్సిలమ్మ. చూడాల్సిన అవసరం లేదని ఆమెకి తెలుసు. పెరట్లో తూము ఇంకోసారి గుడగుడలాడి ఊరుకుంది.

మర్నాడు దీవుల నుంచి సరుకుల లాంచీ వచ్చింది. ఏడాదికోసారి అది ఒంటిదీవి నుంచి గాలిబరువు కాగితాల కట్ట తెస్తుంది. అక్కడ ఒక గది, ఒక రేడియో స్తంభం, ఒక ముసలాయన. ఆఫీసులో అంతా దీవితాత అంటారు. వారానికొక కాగితం గడియారంలా తిరిగే డబ్బా చుట్టూ చుట్టి పెడితే, ముల్లు దానిమీద గాలి బరువుని రాత్రీ పగలూ గీతగా గీస్తూ పోతుంది. యాభై రెండు కాగితాలు, సుతిలి తాడుతో కట్టి, పైన చేపనూనె మరకలు.

పెన్సిలమ్మ తలుపు దగ్గరికి వేసి కట్ట విప్పింది. ఆ వారం కాగితం చేతికి రావడానికి ఎంతోసేపు పట్టలేదు. మిగిలినవన్నీ నెమ్మదిగా ఎక్కి దిగే గీతలు. ఈ ఒక్కదాంట్లో గీత పద్నాలుగో తారీకు తెల్లవారకముందే జారడం మొదలుపెట్టి, మధ్యాహ్నానికి బావిలో పడ్డ బొక్కెనలా నిట్టనిలువునా దిగిపోయింది. కాగితం అడుగు అంచు తాకి, ఇంక దిగడానికి చోటు లేక కాసేపు అంచు వెంటే పాకి, మళ్ళీ అంత నిలువుగానూ పైకి లేచింది. అడుగున పెన్సిలుతో నాలుగు మాటలు: "గాలి లేదు. పిట్టలు. ఇంజను చప్పుడు."

పెన్సిలమ్మ ఆ మాటలు రెండోసారి చదివింది. తర్వాత రిజిస్టరు తీసి, నిన్న దాటేసిన పేజీ తెరిచింది. ఉదయం ఐదున్నర. ఒంటిదీవి నుంచి వచ్చిన గాలి బరువు అంకె, నీలం సిరాతో తన చేతిరాతే: తొమ్మిది వందల తొంభై నాలుగు. పక్కన సన్న చుక్క. చుక్క అంటే ఆ ఆఫీసులో ఒకటే అర్థం. అంకె నమ్మదగ్గది కాదు, చార్టులో, అంటే రోజూ పొద్దున గీసే వాతావరణ పటంలో, దిద్ది వేశాం అని.

ఈ అంకె ఎంత పడిపోతే తుఫాను అంత దగ్గరపడినట్టు. కానీ ఇలాంటిదాన్ని వాళ్ళు పది పొరపాటు అంటారు. ముల్లు చూసి అంకె చదివే మనిషి ఒక్కోసారి పది తక్కువో పది ఎక్కువో చదువుతాడు. చుట్టుపక్కల స్టేషన్లన్నీ వెయ్యీ నాలుగు, వెయ్యీ ఐదు చెబుతుంటే ఒక్కడు తొమ్మిది వందల తొంభై నాలుగు అన్నాడంటే, పది కలిపి వేసుకుని ముందుకు పోవడమే. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే నేర్పుతారు. దీవితాత వేసవిలో రెండుసార్లు నిజంగానే ఆ తప్పు చేశాడు కూడా. కాకపోతే దిద్దేముందు రేడియోలో తిరిగి అడగాలని నియమం. దీవి లైను దొరకడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఆరింటికల్లా చార్టు పెద్దాయన బల్ల మీద ఉండాలి. పెన్సిలమ్మ అడగలేదు. పది కలిపేసింది. చార్టు నున్నగా, అందంగా వచ్చింది. ఆ మాట పెద్దాయన అన్నాడు కూడా.

మధ్యాహ్నం రేడియో గదిలో ఇరవై ఐదు నిమిషాలు కూర్చుంటే దీవి పలికింది. గరగర మధ్య ముసలి గొంతు.

"తాతా, నేను ఆఫీసు నుంచి. పద్నాలుగో తారీకు పొద్దున మీరు పంపిన అంకె..."

"తొమ్మిది తొమ్మిది నాలుగు" అన్నాడాయన ఆమె ముగించకముందే. "రెండుసార్లు చూసి పంపానమ్మా. తిరిగి అడుగుతారు కదాని రేడియో పక్కనే కూర్చున్నా. ఎవరూ అడగలేదు. సర్లే, అంత పెద్ద ఆఫీసు, వాళ్ళకి తెలిసే ఉంటుందిలే అనుకున్నా. ఎనిమిదింటికి స్తంభం కూలింది. మూడు వారాలు నాకూ లోకానికీ మాటల్లేవు. దాన్ని నిలబెట్టడానికి వచ్చినవాళ్ళూ ఎందుకు కూలిందని అడగలేదు."

"కాగితం మీద ఏదో రాశారు తాతా. ఇంజను చప్పుడని."

గరగర పెరిగి తగ్గింది.

"మూడింటికి గాలి తెగిపోయిందమ్మా" అన్నాడు. "ఒక్కసారిగా. చెవుల్లో నా నెత్తురు చప్పుడు నాకే వినబడేంత నిశ్శబ్దం. తుఫాను కన్ను నా నెత్తిమీదికొచ్చిందన్నమాట. నడినెత్తిన గుండ్రంగా ఆకాశం. చుట్టూ మబ్బు గోడలా నిలబడింది. సముద్రప్పిట్టలు వందలకొద్దీ నేలమీద దిగి కూర్చున్నాయి, చేత్తో ఎత్తినా కదల్లేదు. అప్పుడు వినిపించింది ఇంజను. తీరానికి దగ్గర్లోనే. చుట్టూ తిరుగుతోంది, దారి వెతుక్కుంటున్నట్టు. అరిచాను. తడిసిన గోనెసంచుల మీద కిరసనాయిలు పోసి పొగబెట్టాను. పావుగంట తిరిగింది. ఆ తర్వాత గాలి అవతలివైపు నుంచి వచ్చి పడింది. అంతే."

"అది... ఇంజనేనా తాతా? కచ్చితంగా?"

"ఇరవై రెండేళ్ళుగా ఒంటరిగా ఉంటున్నానమ్మా. మనుషుల చప్పుడేదో నాకు తెలీదా? ఇప్పటికీ గాలి లేని మధ్యాహ్నాల్లో వినబడుతూ ఉంటుంది. అది మాత్రం నిజంది కాదు. ఆ తేడా నాకు తెలుసు."

పెన్సిలమ్మ రేడియో కట్టేసినా చెవులకి పెట్టుకున్నది తీయడం మర్చిపోయింది. చచ్చిపోయిన లైనులోంచి సన్నగా, దూరంగా, ఏదో తిరుగుతున్నట్టే అనిపించింది. గబుక్కున తీసి బల్ల మీద పడేసింది.

ఆ సాయంత్రం కాగితం, రిజిస్టరు, పటం మూడూ పట్టుకెళ్ళి పెద్దాయన ముందు పెట్టింది. ఒక్క మాట దాచకుండా చెప్పింది. ఆయన గీతని వేలితో కొసదాకా తడిమాడు. ఈసారి హాస్యాలాడలేదు.

"ఇంతుంది" అన్నాడు అరచేయి చూపిస్తూ. "ముప్ఫై మైళ్ళ వెడల్పు కూడా ఉండదు. చిన్న తుఫాను, కానీ రాక్షసి. ఇక్కడ మనకి ఆకు కదల్లేదు కదమ్మా ఆ రోజు!"

"సాయంత్రం కాస్త చినుకు పడిందండి."

పెద్దాయన లేచి తలుపు మూసి వచ్చాడు.

"వేసేద్దాం. తొమ్మిదోది ఇది. అక్కణ్ణుంచి అన్నిటికీ ఒక్కో అంకె జరుగుతుంది, టైపు చేసిందంతా మళ్ళీ చేయించాలి, ఫర్వాలేదు. మీ సరంగు అన్నయ్యగారి మీద పడ్డ మాట పోతుంది. కింద ఒక్క వాక్యం రాయి: 'దీవి నుంచి ఆ ఉదయం పరిశీలన అందలేదు' అని. రేడియో స్తంభం కూలిన మాట నిజమే కదా? నీ ఉద్యోగం నీకుంటుంది, నా చివరి ఐదు నెలలు ప్రశాంతంగా గడుస్తాయి. పోయినవాళ్ళ పరువు నిలబడుతుంది, ఉన్నవాళ్ళం బతుకుతాం. ఏమంటావ్?"

ఆ మాటలో దురుద్దేశం లేదు. అదే కష్టమైంది ఆమెకి. సరేనంటే అన్నీ సర్దుకుంటాయి. వదిన చెవులు నిజమవుతాయి, అన్నయ్య తాగుబోతు కాకుండా పోతాడు. అక్కడ రేడియో పక్కన ఎదురుచూస్తూ కూర్చున్న ముసలాయన మాత్రం అసలు అంకే పంపనివాడవుతాడు. రేప్పొద్దున ఇంకొకడు ఇదే బల్ల దగ్గర కూర్చుని, ఇంకో అంకెకి పది కలిపి, అందంగా గీసుకుంటాడు.

"రాస్తానండి" అంది.

రాసింది. మూడు చిన్న వాక్యాలే, కానీ రెండుసార్లు కాగితం మార్చాల్సొచ్చింది. "ఒంటిదీవి నుంచి ఉదయం ఐదున్నరకి పరిశీలన సరిగ్గా అందింది. తిరిగి అడగకుండా, తప్పని భావించి, చార్టులో పది కలిపి వేయడమైనది. వేసినది నేను." కింద సంతకం. హాజరు పట్టీలో తప్ప ఎక్కడా లేని ఆ పేరు, పూర్తిగా.

పెద్దాయన అది చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నీకేం పోయేకాలమమ్మా" అన్నాడు. తిట్టినట్టు లేదు. పక్కన తన పొడి సంతకం పెట్టాడు. "రేపట్నుంచి చార్టు బల్ల దగ్గరికి రాకు. విచారణ అయ్యేదాకా సామాన్ల గదిలో కూర్చో. ఆ తర్వాత ఏమవుతుందో నా చేతిలో లేదు."

ఇంటికి వచ్చేసరికి వదిన గుమ్మంలోనే ఉంది, బియ్యం చేటతో. పెన్సిలమ్మ చెప్పులు విప్పకుండానే ఎదురుగా నేలమీద చతికిలబడింది.

"వదినా, మీ చెవులు అబద్ధం చెప్పలేదు. ఆ రోజు తుఫానుంది. పుస్తకంలో ఎక్కించాం. ఇరవై ఏడే."

చేట ఆగింది. వదిన కళ్ళు మూసుకుంది. భుజాలు రెండూ కిందికి దిగాయి. "నాకు పిచ్చి లేదన్నమాట" అంది. ఏడుపూ నవ్వూ కలిసిపోయి వచ్చాయి. "ఆయన తాగలేదు. తాగలేదే అమ్మాయ్, ఆయన తాగలేదు!"

అక్కడితో ఆగిపోవచ్చు. పెన్సిలమ్మకి ఆ ఆశ కలిగింది కూడా, ఒక్క క్షణం. వదిన తన తల నిమరడానికి చెయ్యి చాచింది. ఆ చెయ్యి తనని తాకకముందే చెప్పేసింది. దీవి నుంచి అంకె వచ్చిందనీ, తనే చూసిందనీ, తిరిగి అడగకుండా తనే దిద్దేసిందనీ, దిద్దకుండా ఉంటే రేవు స్తంభం మీద తుఫాను హెచ్చరిక జెండా ఎక్కేదనీ. ఏ మాటా మింగలేదు.

చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఎన్నింటికి వచ్చింది ఆ అంకె?" అంది వదిన.

"ఐదున్నరకి."

"ఆరుంబావుదాకా ఇక్కడే ఉన్నాడే ఆయన" అంది వదిన. గొంతు చాలా మామూలుగా ఉంది. "ఇదిగో, ఈ గుమ్మంలోనే. చెవులు పట్టేశాయి, పోవద్దు అంటే నవ్వి, సంజ్ఞలు చేసి చెప్పాడు. జెండా ఎక్కితే ఆగిపోతాలే, మన చెల్లెమ్మ ఉందిగా అక్కడ అని. వీధి చివరిదాకా పోయి కూడా వెనక్కి తిరిగి స్తంభం వంక చూశాడు. రెండుసార్లు చూశాడే."

పెన్సిలమ్మ తల ఎత్తలేకపోయింది. తిడితే బాగుండును, కొడితే బాగుండును అనుకుంది. వదిన అవేవీ చేయలేదు. చేటలో బియ్యం డబ్బాలో పోసి మూత పెట్టింది. లేచి, ముఖం కడుక్కుని, కొంగుతో తుడుచుకుని వచ్చింది.

"నిన్నేమనాలో నాకింకా తెలీట్లేదు" అంది. "తెలిసినరోజు అంటాను. ఆ రోజు పడాలి నువ్వు. ఇప్పుడు లే."

"ఎక్కడికి వదినా?"

"ఐదిళ్ళున్నాయి."

ముందు వదిన, వెనక పెన్సిలమ్మ, కూరల దుకాణం దాటి, మలుపు తిరిగి, పొద్దుగూకే వెలుతురులో నడిచారు. ఎదురొచ్చినవాళ్ళు వదినని చూసి పక్కకి తప్పుకున్నారు. మూడో సందులో నీలం తలుపు. వదిన కొట్టింది. లోపల్నుంచి చెప్పుల చప్పుడు, గడియ చప్పుడు. ఆ ముసలావిడే తలుపు తీసింది. వదినని చూడగానే ముఖం ముడుచుకుని తలుపు వేసేయబోయింది.

వదిన తలుపుకి చెయ్యి అడ్డం పెట్టి, తను పక్కకి జరిగి, పెన్సిలమ్మని భుజం పట్టి ముందుకి తెచ్చింది.

"చెప్పు" అంది.